అడగకుండా తగ్గించిన శ్రుతి

నాలుగో పిల్ల కూడా అదే పాట ఎత్తుకుంది. ఐలా రౌతియో తల తిప్పి చూడలేదు. చూడాల్సిన పనీ లేదు. ఇప్పుడు గుండె మీద చెయ్యి పెట్టుకుంటుంది, రెండో చరణంలో కళ్ళు మూసుకుంటుంది, చివర అరచెయ్యి చాపి పైకప్పును అడుక్కుంటుంది. ఈ మూడూ బడిలో సాంతెరి నేర్పినవే. ఐలా వేళ్ళు వాటంతటవే పియానో మెట్లమీద నడుస్తున్నాయి, గోధుమరంగు బూటులోని కుడికాలు కింద పెడల్‌ను తొక్కుతోంది. కిటికీ అవతల ఔరా నదిలో ఏప్రిల్ మంచు మురికి పలకలుగా విడిపోయి నెమ్మదిగా సముద్రం వైపు పోతున్నది. ఆ పలకలకు ఈ పిల్లకంటే లయ ఎక్కువ ఉందనిపించింది ఆమెకు.

రెండో చరణంలో పిల్ల ఒక వరుస మింగేసింది. ఐలా కూడా ఆ వరుస మింగేసి, అవతల గట్టున పిల్లను అందుకుంది. ఎదురుగా కూర్చున్న ముగ్గురు అతిథులకూ ఏమీ తెలియలేదు. పిల్లకూ తెలియలేదు. ఆ సంగతే ఐలాకు అన్నిటికంటే ఎక్కువ ఒళ్ళుమంట.

తుర్కు ఊళ్ళోని ఆ బడి పాట, నటన, నాట్యం నేర్పుతుంది. ఆఖరి ఏడాది పిల్లలకు వసంతంలో ఒక గురువారం 'అవకాశాల దినం' జరుపుతారు. నాటక బృందాల వాళ్ళు వచ్చి పిల్లల్ని వింటారు. ఈసారి వచ్చిన ముగ్గురిలో ఇద్దరు కాఫీ కోసం వచ్చినవాళ్ళు. మూడో ఆవిడ తూలిక్కి సార్వాస్ దగ్గర మాత్రం నిజంగానే ఒక ఖాళీ ఉంది, ఆమె వేసవి నాటకంలో పాడే పాత్ర. ఇరవై ముగ్గురు పిల్లలు, ఒక్క పాత్ర.

పిల్లల్ని ఆ ఒక్క పాత్రకోసం తయారు చేసినవాడు సాంతెరి వూల్లె. అవకాశాల సమన్వయకర్త అని అతని తలుపు మీద రాసి ఉంటుంది. గదిలోకి ఎలా నడిచి రావాలో, అర నిమిషంలో తమను తాము ఎలా అమ్ముకోవాలో, ఏ పాటలు 'మార్కెట్లో నడుస్తాయో' ఏడాది పొడుగునా పాఠాలు చెప్పాడు. అతను రంగస్థలం మీద సాధించిందల్లా రెండు శీతాకాలాల పాటు ఒక పిల్లల నాటకంలో ఇద్దరు దూరే దుప్పి వేషానికి వెనక కాళ్ళుగా ఉండటం. ముందుకాళ్ళవాడు ఇప్పటికీ నటిస్తున్నాడు.

అతనంటే ఐలాకు ఎంత చులకనో, ఆమె అంటే అతనికీ అంతే. ఐలా అరవై రెండేళ్ళ మనిషి, పొట్టి మెడ, వెడల్పాటి వీపు, నెరిసిన జడను చుట్టలా బిగించి పెట్టుకున్న తల. వేళ్ళ కణుపులు ఉబ్బి, కుడి బొటనవేలు పూర్తిగా చాపుకోదు. ఎప్పుడూ పుల్లటిదేదో నోట్లో ఉన్నట్టు కింది పెదవి మడిచి ఉంచుకుంటుంది. బడి కరపత్రాలకోసం ఫోటోలు తీసినప్పుడు సాంతెరి ఆమెను చట్రంలోంచి తప్పిస్తాడు. పియానో మాత్రం సగం కనపడుతుంది.

ఆమె కూడా ఒకప్పుడు పాడాలనుకున్న పిల్లే. ఇరవై రెండో ఏట హెల్సింకీలో ఇలాంటి గదిలోనే ముగ్గురి ముందు నిలబడి, పాట మూడో వరుసలో మాటలు మరిచిపోయింది. పియానో దగ్గరి ముసలాయన ఆమెకోసం ఆగలేదు, వెనక్కి రాలేదు, మిగిలిన పాటంతా గడియారంలా వాయించుకుంటూ పోయాడు. ఆమె నోరు తెరుచుకుని చివరిదాకా నిలబడింది. తర్వాత ఒక్క చలికాలం గడుపుకుందామని ఈ బడిలో పియానో వాయించడానికి చేరింది. మధ్యలో నాలుగేళ్ళు కాపురం చేసింది. మొగుడు ఓడల్లో మెకానిక్కు. ఆలాండ్ దీవుల్లో ఇంకెవరితోనో స్థిరపడి ఉత్తరం రాశాడు. ఆ రోజు కూడా ఆమె తొమ్మిదింటికి బడికి వచ్చింది. ఒక్క చలికాలం కాస్తా నలభై అయింది.

ఆ నలభై ఏళ్ళలో పాడుతూ మునిగిపోబోయిన వాళ్ళెవరినీ ఆమె మునగనివ్వలేదు. తడబడితే ఆగింది, పరిగెత్తితే వెంట పరిగెత్తింది, గొంతు అందకపోతే శ్రుతి దించింది. ఎవరైనా అడిగితే జాలి కాదంటుంది. "ఆ చెత్త నా చెవుల్తో వినలేక" అంటుంది. ఎవరూ అడగరు.

పదకొండో పిల్ల పిహ్లా. ఉత్తరాది నుంచి వచ్చింది. పొడుగ్గా, ఎముకలు బయటికి పొడుచుకొచ్చిన మనిషి, సొంతంగా కత్తిరించుకున్న జుట్టు. ఈమె సాంతెరి జాబితాలోని పాట తీసుకోలేదు. తమ ఊరి పడవవాళ్ళు పాడుకునే పాట, ఎవరు కట్టారో తెలియనిది, తనే కాగితం మీదికి ఎక్కించి తెచ్చింది. దానికి చివర్లో నిటారుగా నిలబడ్డ గోడలాంటి పైస్వరం ఒకటుంది. పొద్దున పక్కగదిలో పిహ్లా సాధన చేస్తుంటే ఆ స్వరం మూడుసార్లు చీలిపోవడం ఐలా విన్నది. జలుబు చేసిన గొంతు.

పిహ్లా గుండె మీద చెయ్యి పెట్టుకోలేదు. రెండు చేతులూ వదిలేసి నిలబడింది. ఐలా కాగితం మీద రాసి ఉన్నదానికంటే ఒక మెట్టు కిందనుంచి మొదలుపెట్టింది. పిహ్లా ఒక్కసారి రెప్ప వేసి, అందుకుంది. పాట సాఫీగా, ఎక్కడా గీత పడకుండా గోడ దాటింది. తూలిక్కి సార్వాస్ కలం కింద పెట్టింది.

"జూన్ ఒకటో తేదీ నుంచి రిహార్సళ్ళు. ఖాళీయేనా నువ్వు?" అంది.

సాంతెరి గోడ పక్కనుంచి రెండు బొటనవేళ్ళూ ఎత్తి చూపించాడు, తానే పాడినట్టు.

మధ్యాహ్నం భోజనాల గదిలో బఠానీల సూపు పోస్తున్నారు. గురువారం ఇంకేమీ ఉండదు. ఐలా ఆవాల ముద్ద కలుపుకుంటుంటే పిహ్లా వచ్చి ఎదురుగా కూర్చుంది. చేతిలో పళ్ళెం లేదు.

"మేడమ్, శ్రుతి తగ్గించారు మీరు."

"నీకు జలుబు."

"జలుబు నాది. తగ్గించమని అడిగానా?"

"పని దొరికిందిగా. ఇంకేం కావాలి తల్లీ నీకు? పోయి సూపు తెచ్చుకో."

"వేసవిలో అక్కడ ఆరొందలమంది ముందు పాడాలి. అప్పుడు కూడా మీరొచ్చి కూర్చుంటారా పియానో దగ్గర?" పిహ్లా గొంతు తగ్గించలేదు. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. "అందరికీ చేస్తారా ఇలా?"

"చెయ్యకపోతే ఏమయ్యేవో తెలుసా మీ బతుకులు?"

"తెలీదు. అదే నేననేది. మాకు పాట వచ్చో రాదో ఈ బడిలో ఎవ్వరికీ తెలీదు, మాకు కూడా. మీ ఒక్కరికే తెలుసు. కూర్చుని నవ్వుకుంటున్నారు కాబోలు లోపల్లోపల."

"పొగరు" అంది ఐలా, చెంచా ఎత్తుతూ.

"ఉండనీండి. ఆవిడకి చెప్పేశాను. ఇందాక పాడింది నా శ్రుతి కాదు, సోమవారం మళ్ళీ వినండి అన్నాను. అప్పటిదాకా పాత్ర ఎవరికీ ఇవ్వదట."

పిహ్లా లేచి పోయింది. కృతజ్ఞత లేని జాతి, అనుకుంది ఐలా. సూపు మీద మీగడ కట్టేదాకా అదే అనుకుంది. ఆ తర్వాత, స్టాక్‌హోమ్ ఓడలో భోజనం వడ్డిస్తూ కనపడిన ఒక పాత విద్యార్థి గుర్తొచ్చాడు. బడిలో ప్రతి పాటా గట్టెక్కినవాడు. బయట మొదటి పరీక్షలోనే పాట ఎందుకు తన్నేసిందో తనకిప్పటికీ అర్థం కాలేదని, ఆమె కప్పులో కాఫీ పోస్తూ చెప్పాడు. ఆరోజు ఆమె వాణ్ణి మొద్దావతారం అనుకుని, కాఫీ తాగి లేచింది.

మూడింటికి సాంతెరి పియానో గదికి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"విన్నారా ఐలా గారూ? చేతికొచ్చిన పాత్రని వదులుకుంది పిచ్చిది! ఏడాదంతా నేను కష్టపడి తయారు చేస్తే..."

"నువ్వు చేసింది గుండె మీద చెయ్యి ఒక్కటే బాబూ. అది కూడా ఆ పిల్ల పెట్టుకోలేదు."

అతను తలుపు దగ్గరగా వేశాడు. మెల్లగా అసలు సంగతి ఎత్తుకున్నాడు. వచ్చే ఏడాది నుంచి పిల్లలు రికార్డు చేసిన వాయిద్యంతోనే పాడతారు. బయట అన్నిచోట్లా ఇప్పుడదే పద్ధతి. ఈ మే నెలాఖరులోగా ఐలా నూట ఎనభై పాటలు ఒకే వేగంలో వాయించి పెడితే చాలు.

"ఆ తర్వాత మీకు బోలెడంత విశ్రాంతి" అన్నాడు సాంతెరి. "ఎవరూ ఇబ్బంది పెట్టరు. మీ వాయిద్యం మాత్రం ఎప్పటికీ ఇక్కడే ఉంటుంది. గర్వంగా లేదూ?"

"దుప్పి తోలు కూడా గోడకి ఎప్పటికీ వేలాడుతుంది" అంది ఐలా.

సాంతెరి నవ్వాలో వద్దో తేల్చుకోలేక, రికార్డు చేసే యంత్రాన్ని పియానో మీద పెట్టి, మీట చూపించి వెళ్ళిపోయాడు.

ఐలా పియానో ముందు కూర్చుంది. నూట ఎనభై పాటలు. తాను ఎక్కడా ఆగకూడదు, ఎవరికోసమూ వెనక్కి రాకూడదు. హెల్సింకీ ముసలాయన మొహం గుర్తు తెచ్చుకుందామని చూసింది. రాలేదు. అతని వీపు ఒక్కటే వచ్చింది.

పిహ్లా వదిలి వెళ్ళిన కాగితం ఇంకా ఎదురుగా ఉంది. మీట నొక్కింది. పడవవాళ్ళ పాటను రాసి ఉన్న శ్రుతిలో, రాసి ఉన్న వేగంలో వాయించింది. పైస్వరం ముందు వేళ్ళు అలవాటుగా ఆగబోయాయి. ఆగనివ్వలేదు. పాట అయిపోయాక యంత్రం మీద ఆ పిల్ల పేరు రాసిన చీటీ అతికించింది. కోటు వేసుకుని, మంచు బూట్లు తొడుక్కుని, గేటు దగ్గర తాళంచెవి ఇచ్చి, వంతెన వైపు నడిచింది.

శుక్రవారం ఆమె రాలేదు. సాంతెరి యంత్రం తెరిచి చూస్తే ఒక్కటే పాట ఉంది. ఫోన్ చేస్తే, "మిగతావి ముందుకాళ్ళవాణ్ణి అడుగు" అని పెట్టేసింది. ఆ తర్వాత ఆ బడిలో ఎవరూ ఆమెను చూడలేదు.

సోమవారం పిహ్లా యంత్రంలోని ఆ వాయిద్యంతోనే పాడింది. పైస్వరం చీలింది. వాయిద్యం ఆగలేదు, ఆమె కూడా నోరు మూయలేదు. చీలిన గొంతుతోనే చివరిదాకా వెళ్ళింది. తూలిక్కి సార్వాస్ ఆ పాత్రను గుండె మీద చెయ్యి పెట్టుకున్న పిల్లల్లో ఒకతెకు ఇచ్చి, పిహ్లాను శరదృతువులో మళ్ళీ రమ్మంది. సాంతెరి ఆ ఒకతెతో ఫోటో దిగాడు.

అందరూ వెళ్ళాక పిహ్లా తన కాగితం కోసం పియానో దగ్గరికి వచ్చింది. అది కింద పడి ఉంటే వంగింది. పియానో కింద, పెడళ్ళ పక్కన, బడి లోపల వేసుకునే గోధుమరంగు బూట్లు ఒక జత, మడమలు కలిపి సర్ది ఉన్నాయి. చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఎడమదాని అడుగు కొత్తదానిలా ఉంది, కుడిదాని అడుగు మునివేళ్ళ కింద అరిగి అరిగి, అవతల నేల కనపడుతోంది.