ఖెజెల్లిఖ్, దుంపల వేళ దాకా

మా ఆయన వుబ్బో డచ్చి భాష చెప్పి రిటైరైన పంతులు. బడి వదిలాడు గాని పాఠం వదల్లేదు. ఆయన పుట్టినరోజంటే నాకు హడలు. గదిలో కుర్చీలు గుండ్రంగా వేస్తాం, పుట్టింది ఆయనైనా వచ్చినవాళ్లు ఒకళ్లనొకళ్లు అభినందించుకుని కూర్చుంటారు, బిస్కెట్ల డబ్బా ఒక్కసారి తిప్పి మూత పెట్టేస్తాం. ఇక ఎవరూ కదల్లేరని తెలిశాక ఆయన మొదలుపెడతాడు.

ఈసారి డెల్ఫ్‌జైల్ నుంచి వాళ్లక్క ఆల్చె వచ్చింది. వేసవిలో మొగుడు పోయాడు. వంటింట్లో నా పక్కన కప్పులు తుడుస్తూ, "ఒక్కదాన్నే పళ్లెం ముందు కూర్చోలేకపోతున్నా, ఫెన్నా. తమ్ముడు ఈ పూటకి ఉండమంటే బాగుణ్ణు. నా అంతట నేనెలా అడగను?" అంది. మా డచ్చివాళ్లలో పిలవందే భోజనానికి కూర్చోరు, తమ్ముడి ఇంట్లోనైనా సరే.

"పుట్టినరోజు ఆయనది వదినా, ఆయనే అంటాడులే," అన్నాను. నాకూ బుద్ధి లేదు.

ఆ రోజు ఆయనకు దొరికిన మాట 'ఖెజెల్లిఖ్'. "జాల్ అంటే పెద్ద గది. ఆ గది పంచుకునేవాడు ఖెజెల్. తర్వాత మేస్త్రీ దగ్గర పనిచేసే పనివాడూ ఖెజెలే. ఆనక తోడు, స్నేహితుడు. ఇవాళ హాయిగా ఉన్న ఇల్లూ, కబుర్లూ, దీపం వెలుగూ అన్నీ ఖెజెల్లిఖ్! మూలం మాత్రం ఒక్కటే, ఒకే కప్పు కింద కలిసుండడం!" అని చేతులు చాచాడు. వదిన కళ్లు తుడుచుకుంది. అది తన పాఠం మహిమే అనుకున్నాడు.

ఐదున్నర అయింది. "సరే మరి ఫెన్నా, దుంపలు పొయ్యి మీద పెట్టాలేమో!" అన్నాడు. మా ఊళ్లో ఆ మాట వింటే కుక్క కూడా లేచి ఇంటికి పోతుంది. పొరుగువాళ్లు "ఎంత ఖెజెల్లిఖ్‌గా గడిచిందో!" అంటూ వెళ్లిపోయారు.

వదిన కోటులో ఒక చెయ్యి దూర్చి ఆగింది. "ఒరేయ్ వుబ్బో, ఇన్ని అర్థాలు చెప్పావు. దుంపలు ఉడికేలోపు లేచిపొమ్మనే అర్థం దానికి ఎప్పుడొచ్చిందిరా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "మంచి ప్రశ్నక్కా. బహుశా పంతొమ్మిదో శతాబ్దంలో..."

నాకు ఒళ్లు మండింది. వదిన కోటు లాగి కొక్కేనికి తగిలించాను. చెక్కిన దుంపలు ఇద్దరికే ఉన్నాయి, ఇద్దరికే ఉడికించాను. ఆయన పళ్లెం తీసి వదిన ముందు పెట్టి, ఆయన్ని అర్థాలు నమిలి కడుపు నింపుకోమన్నాను.