నాలుగో గొలుసు

ట్రైలర్ పొడుగవుతోంది. పొద్దున్న ఏడింటికి పొక్లెయిన్‌ని ఎక్కించినప్పుడు మామూలుగానే ఉంది. ముందు రెండు మూలలా గొలుసులు వేసి బిగించాను. వెనక మూలల కోసం దాని మీదే గంట నుంచి నడుస్తున్నాను. చివర కనపడదు.

నేను కంగారుపడను. ఇంత బరువు బండికి నాలుగు మూలలా నాలుగు గొలుసులు వేయాలి, మట్టి తవ్వే బకెట్‌కి విడిగా ఒకటి. ఇరవై రెండేళ్లుగా ట్రైలర్ తోలుతున్నవాణ్ణి, నాకు తెలుసు. మిగిలిన గొలుసులు భుజాన వేసుకుని నడుస్తాను.

మిట్టమధ్యాహ్నానికి మూడో మూల వస్తుంది. గొలుసు వేస్తాను. నాలుగో మూల దగ్గర పోలినాయుడు కూర్చుని ఉన్నాడు.

పోలినాయుడు ఈ పొక్లెయిన్ ఆపరేటరు. పోయి పద్నాలుగు నెలలైంది. ఒక చేత్తో పొక్లెయిన్ ఇనప పట్టాని, ఇంకో చేత్తో ట్రైలర్ కొక్కేన్ని పట్టుకుని ఉన్నాడు. చేతులు రెండూ సాగి, గొలుసంత పొడుగయ్యాయి.

“బోంచేసినావేటి, గవిరేసు బావా?” అంటాడు.

“నేదు. నువ్విక్కడేటి సేస్తన్నావు?”

“ఇక్కడ గొలుసు నేదు గదా. ఎవులో ఒకలు పట్టుకోవాల.”

అతని పక్కన భార్య నూకరత్నం కూర్చుని ఉంది. అతనికి చేతులు ఖాళీ లేవు కాబట్టి, కేరేజీలోంచి ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది.

అతను పోయిన రోజు, ఘాట్ రోడ్డు మలుపులో ట్రైలర్ వెనక నడుస్తూ నాకు సైగలు చేస్తున్నాడు. ట్రైలర్ మీంచి పొక్లెయిన్ జారి అతని మీద పడింది. గొలుసు తెగిపోయిందని పోలీసులకు చెప్పాను. వాళ్లింటికి వెళ్లి నూకరత్నానికీ అదే చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

“అన్నా, ఆ తెగిపోయిన గొలుసేదీ?” అంటుంది ఇప్పుడు. “ఈయన పోటో పక్కన మేకు కొట్టి ఉంచినాను. తగిలిద్దారని.”

నా భుజాన ఉన్న నాలుగో గొలుసు తీసి ఇస్తాను. ఆమె ఒళ్లో వేసుకుని ఒక్కొక్క లంకెనే వేళ్లతో తడుముతుంది. చాలాసేపు పడుతుంది. నేను నిలబడే ఉంటాను.

“ఎక్కడా అతుకు కూడా నేదే,” అంటుంది.

నా ముఖం మెడ మీంచి జారిపోవాలని చూస్తుంది. రెండు చేతులతో పట్టుకుంటాను.

“తెగనేదమ్మా. నానసలు ఎయ్యనేదు. వాన పడతంది, మూడు గొలుసులు సాల్లే అనుకున్నాను.”

పోలినాయుడు తల వంచుకుంటాడు, తప్పు తనదే అయినట్టు. నాకు అది భరించడం కష్టంగా ఉంటుంది.

“అది సెప్పి మా యింట మజ్జిగ తాగినావు,” అంటుంది నూకరత్నం. గొంతు పెంచదు.

గొలుసు తీసుకుని నాలుగో మూలకు వేస్తాను. కొక్కెం తగిలించి, లివరు మీద నా బరువంతా వేసి బిగిస్తాను. ఆమె అతని వేళ్లను ఒక్కొక్కటే విడదీస్తుంది. అతను లేచి, పొడుగాటి చేతులను తాడులా చుట్టి భుజాన వేసుకుంటాడు.

“బకెట్టుకి ఏసినావా, బావా?”

“నేదు. ఎల్తన్నాను.”

“ఏసెయ్యి.”

నూకరత్నం కేరేజీ మూత పెడుతుంది. “నాకొక్కదానికి సెప్తే సరిపోదన్నా,” అంటుంది. ఇద్దరూ ట్రైలర్ దిగి రోడ్డు పక్క జీడితోటల్లోకి నడిచి వెళ్లిపోతారు. ఒక్కసారీ వెనక్కి చూడరు.

ఆఖరి గొలుసుతో బకెట్ దగ్గరికి వస్తాను. బకెట్ నిండా సముద్రం ఉంది. తొంగి చూస్తాను. అడుగున మా ఊరి వాళ్లంతా వరసగా బెంచీల మీద కూర్చుని ఉన్నారు. ఆడవాళ్ల జుట్లు పైకి తేలుతున్నాయి. ఎవరూ రెప్ప వేయరు. వాళ్లకు ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ ఉంది.

చెప్పులు విప్పి, గొలుసు భుజానే ఉంచుకుని నీళ్లలోకి దిగుతాను. కుర్చీలో కూర్చుని, చెప్పడానికి నోరు తెరుస్తాను. ఊరంతా ఒక్కసారిగా ముందుకు వంగుతుంది.