కాలవలో నురగ

హోటళ్ల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో అందరూ అతన్ని నీలిమందు అనే పిలిచేవారు. గోళ్ల సందుల్లో ఆ రంగు ఎంత తోమినా పోయేది కాదు. యంత్రాలు వదిలే సబ్బునీళ్లన్నీ పాయిఖానా కిందుగా వెళ్లే కాలవలోకే పోయేవి. అందుకని అక్కడ పొద్దస్తమానం తెల్లటి నురగే.

తనకూ భార్యకూ హెచ్‌ఐవీ ఉందని తెలిసి చాలా ఏళ్లయింది. ఎవరి కంటైనా పడతాయేమోనని ఆవిడ మాత్రలు దాచి దాచి, చివరికి వేసుకోవడమే మానేసింది. ఎముకల గూడై మంచం పట్టాక, "నువ్వు మాత్రం మానకు" అంది. ఆవిడ పోయాక ఆ మాట అతను జవదాటలేదు. ఒళ్లు కాలిపోతున్నా మాత్ర పడాల్సిందే.

ఆ మందు కొందరికి కిడ్నీల మీద దెబ్బ తీస్తుందని ఆసుపత్రిలో కౌన్సిలరమ్మ చెప్పింది. మూత్రంలో నురగ వస్తోందా అని అడిగింది.

"నా బతుకే నురగలో కదమ్మా. ఏది సబ్బుదో ఏది నాదో ఎలా చెప్పను?" అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె రక్తపరీక్షకు రాసిచ్చింది. ఒంట్లో బాగానే ఉంది కదా అని అతను వెళ్లలేదు.

బాయిలరు చెడిపోయి యంత్రాలు ఆగినప్పుడు కాలవ ఎండిపోయింది. అయినా అతను మూత్రానికి వెళ్లినప్పుడు అందులో నురగ కనిపించింది. నీళ్లు కొట్టాడు. మళ్లీ వెళితే మళ్లీ అదే. ఇస్త్రీ చేసే ఆవిడ బయటినుంచి తలుపు తట్టింది.

"అన్నయ్యా, లోపల కాపురం పెట్టావా ఏంటి?"

అతనికి నవ్వు రాలేదు.

పరీక్షలు చూసి డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. ముందే పట్టుకుని మాత్ర మార్చి ఉంటే చాలావరకు కోలుకునేవాడు. ఇప్పుడైనా మార్చాల్సిందే, కానీ పోయిందంతా తిరిగి రాదు.

"ఒక్క పూట కూడా మానలేదండీ" అన్నాడతను.

"మానకపోబట్టే బతికున్నావు. కొత్తదీ అలాగే వేసుకో."

బాయిలరు బాగయింది. ఇప్పుడతను పాయిఖానాలోకి వెళ్లేముందు మీట తిప్పి యంత్రాల నీళ్లు ఆపి, కాలవలో సబ్బంతా పోయేదాకా నిలబడతాడు. చాదస్తం పట్టిందని మేస్త్రీ విసుక్కుంటాడు. ఇస్త్రీ ఆవిడతో మాత్రం కిడ్నీలట, నురగ తగ్గాలట అని సగం చెప్పాడు. మిగతా సగం ఆవిడ అడగలేదు. మీట దగ్గర తనే నిలబడి, అతను బయటికి రాగానే మొహంలోకి చూస్తుంది.

"నీళ్లు వదులమ్మా" అంటాడతను.

ఆవిడ మీట తిప్పుతుంది. కాలవ మళ్లీ తెల్లబడుతుంది.