పెసమీనో తూకం

నేను ఎవర్నీ ఊరికే నమ్మను. పుట్టుకతో వచ్చిన గుణం. ఈ దీవిలో మా ఊరి మహిళా సంఘం ఇంటి తాళం పదకొండేళ్లుగా నా దగ్గరే ఉందంటే అందుకే. ఆ ఇంట్లోనే మా తూకం మిషను ఉంటుంది. మనిషి ఎక్కి నిలబడితే ముల్లు తిరుగుతుంది. చూలాలైనా పాస్టరమ్మగారైనా దాని మీద నా ముందే ఎక్కాలి, పుస్తకంలో నేనే రాయాలి.

ఊరి రగ్బీ జట్టుకి ఆట నేర్పే అకేరీపా ఒకరోజు మా మేనల్లుడు పెసమీనోని వెంటబెట్టుకొచ్చాడు.

"పెద్దమ్మా, జిల్లా జట్టుకి ముందు వరుసలో తోసేవాడు కావాలంటున్నారు. వీడికి బలముంది, పరుగే లేదు. ఎనిమిది వారాల్లో నూట పద్ధెనిమిది కిలోలకి దిగాలి. నూట ఇరవై కిలోల ఇనుము భుజాన వేసుకుని కూర్చుని లేచే బలం మాత్రం పోకూడదు. ఎంపిక రోజున రెండూ చూస్తారు. వారం వారం నువ్వే తూచి పెట్టాలి."

"బరువులెత్తితే ఒళ్లు పెరుగుతుంది గానీ తగ్గుతుందా? ఎవరి చెవిలో పెడతావోయ్ పువ్వు?"

"కొవ్వు తగ్గుతుంది, కండ నిలుస్తుంది. చేమదుంపలూ కొబ్బరిపాలూ తగ్గించాలి. చేపలు, గుడ్లు మాత్రం బాగా తినాలి. పస్తులుంటే ముందు కండే కరిగిపోతుంది."

పెసమీనో మిషనెక్కాడు. నూట ఇరవై ఎనిమిది. "అత్తా, ముల్లు భయపడి ఆగిపోయిందా?" అని నవ్వాడు. చిన్నప్పట్నుంచీ వాడికి జట్టు తప్ప వేరే కల లేదు. పాలడబ్బాల్లో సిమెంటు పోసి ఇనుప గొట్టానికి బిగించుకుని రోజు విడిచి రోజు ఎత్తేవాడు. మిగతా రోజుల్లో కొండ ఎక్కి దిగేవాడు. రెండో వారం నూట ఇరవై ఆరు, మూడో వారం నూట ఇరవై అయిదు. నాకే ముచ్చటేసింది.

ఆ తరవాత ఊళ్లో ఒక పెద్దాయన పోయాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం దిగారు. వచ్చినవాళ్లని వట్టి గచ్చు మీద కూర్చోబెడితే ఊరి పరువేం కాను? ఇంటింటి చాపలూ తెప్పించి సంఘం ఇంట్లో మూడు పొరలుగా పరిపించాను. నాలుగు రోజులు పందులు కోశారు, వండారు, పంచారు. జనం వెళ్లాక మిషను మళ్లీ దాని మూలలో పెట్టాను.

పెసమీనో ఎక్కాడు. నూట ముప్పై.

"చావింట్లో బాగానే లాగించావురా!"

"ఒక్క చేప ముక్క తిన్నానత్తా, ఒట్టు."

"ఒక్క చేప ముక్క అయిదు కిలోలుందా? తిమింగలమా అది?"

ఆ వారం మిషనెక్కిన ప్రతి ఆడదీ పెరిగింది. పాస్టరమ్మగారు నాలుగు కిలోలు. నేనూ నాలుగున్నర. అందరం పంది మాంసం తిన్నవాళ్లమే, ఇంకేం అనుమానం? పైగా మరుసటి వారం వాడు నూట ఇరవై తొమ్మిది దగ్గరే ఆగాడు.

ఇక నాకు నిద్ర పట్టలేదు. దారిన పోయేవాణ్ణి చూస్తే "రా, తిని వెళ్లు" అని పిలవడం మా ఊరి మర్యాద. నలభై ఇళ్లు. ఎక్కడ తింటున్నాడో? ఇల్లిల్లూ తిరిగి అడిగాను. "పిలిచాం, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు" అన్నారందరూ. అందరూ ఒకే మాట చెప్పారంటే కూడబలుక్కున్నారన్నమాట. వాడు నడుముకి చుట్టుకునే బట్ట ఇంకో చుట్టు తిరగడం మొదలుపెట్టింది. అది కూడా చూశాను. వాళ్ల నాన్నది పెద్ద బట్ట ఎత్తుకొచ్చి కట్టుకుని నా కళ్లకి గంతలు కడుతున్నాడనుకున్నాను.

అకేరీపా వచ్చి చెప్పాడు కూడా. "ముల్లు ఏమన్నా అననీ పెద్దమ్మా. నడుం తగ్గింది, ఎత్తే బరువు పెరిగింది. నిన్న నూట ఇరవై రెండు కిలోలు అయిదుసార్లు ఎత్తాడు."

"ముల్లు అబద్ధమాడదు. మనుషులాడతారు" అన్నాను.

ఆ మధ్యాహ్నమే, సంఘం ఆడవాళ్లంతా చాపలల్లుతుండగా, వాడు అటుగా వెళ్తుంటే పిలిచి నిలబెట్టాను. "దొంగతిండి తినేవాడికి జిల్లా జట్టెందుకురా? జట్టు పేరు చెప్పి నన్నూ మోసం చేస్తున్నావు, మీ నాన్ననీ మోసం చేస్తున్నావు." పక్కనే మా తమ్ముడు తోవియా ఉన్నాడు. మాలో అక్క మాటకి తమ్ముడు ఎదురాడడు. తలొంచుకున్నాడు. పెసమీనో నా వంక చూసి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి వాడు దాదాపు తినడం మానేశాడు. తోవియా పెళ్లాం ఏడ్చుకుంటూ వచ్చి చెబితే, "చూశావా, తప్పు తెలుసుకున్నాడు" అన్నాను. ఇంత కసాయి మాట నా నోట ఎలా వచ్చిందో! ముల్లు మాత్రం దిగుతూనే ఉంది. నూట ఇరవై అయిదు, నూట ఇరవై ఒకటి. ఎంపిక ముందు రోజు సరిగ్గా నూట పద్ధెనిమిది. గర్వంగా పుస్తకంలో ఎర్ర సిరాతో రాశాను. వాడి బుగ్గలు లోపలికి పోయాయి. అయినా నా చూపు ముల్లు మీదే ఉంది.

ఎంపిక రోజున రేవు పట్నం సలెలొలొగాలో మైదానం పక్కన సిమెంటు గచ్చు మీద జిల్లావాళ్ల మిషను పెట్టారు. పెసమీనో ఎక్కాడు.

"నూట పన్నెండు" అన్నాడు తూచేవాడు.

"మీ మిషను పాడైంది" అన్నాను.

"పొద్దున్నే సిమెంటు బస్తా పెట్టి సరిచూశానమ్మా. కావాలంటే మీరూ ఎక్కండి."

ఎక్కాను. మా ఊళ్లో నిన్నటి కన్నా నాలుగు కిలోలు తక్కువ. నేనేమీ పస్తులున్నదాన్ని కాను. కాళ్ల కింద గచ్చు గట్టిగా తగిలింది. మా ఇంట్లో మిషను కింద ఏముందో అప్పుడు గుర్తొచ్చింది. మూడు పొరల చాపలు. పెద్దాయన పోయినప్పుడు పరిపించినవి, మళ్లీ తీయించనే లేదు. మెత్తటి దాని మీద మిషను ఎక్కువ చూపించింది. నాలుగో వారం నుంచీ వాడు నిజం చెబుతూనే ఉన్నాడు, నేనే వినలేదు.

ఈలోగా నూట ఇరవై కిలోల ఇనుము వాడి భుజాల మీద పెట్టారు. కూర్చున్నాడు. లేవలేకపోయాడు. మూడు వారాల కింద అయిదుసార్లు లేచినవాడు. ఇద్దరు పరుగెత్తి ఇనుము తీశారు. "మాకు తోసేవాడు కావాలి, అకేరీపా" అని పేరు కొట్టేశారు. అకేరీపా నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బావుండేది.

పెద్ద తప్పు చేసినవాళ్లు తెల్లవారేసరికి ఎదుటివాళ్ల ఇంటి ముందు చాప కప్పుకుని కూర్చుంటారు. దాన్ని ఇఫోగా అంటాం. వాళ్లొచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే అంతే. హత్యలకీ ప్రాణాల మీది గొడవలకీ చేసే పని అది, ఒకింటి ఆడపడుచు మేనల్లుడి ముందు చేసేది కాదు. పట్టులాంటి మేలిరకం చాప కప్పుకోవాలి. మర్నాడు తెల్లవారకముందే నేను మిషను కిందనున్న చాపనే లాక్కొచ్చి, తోవియా ఇంటి ముందు కప్పుకుని కూర్చున్నాను.

తోవియా పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, ఏంటిది? లే, ఊరంతా చూస్తోంది!"

"చూడనీ. వాణ్ణి అందరి ముందే అన్నాను."

ఎండెక్కింది. చాప కింద చెమటలు కారాయి. ఎవరో కిసుక్కున నవ్వారు, పాస్టరమ్మగారేమో. నలభై ఇళ్లతో పాటు ఆమెనీ అనుమానించాను కదా, నవ్వనీ అనుకున్నాను. చాలాసేపటికి అడుగుల చప్పుడు నా ముందు ఆగింది. చాప లేచింది. పెసమీనో రెండు చేతులా దాన్ని పక్కన పెట్టి, ఆయాసంతో నా ఎదురుగా చతికిలబడ్డాడు.

"లే అత్తా. వచ్చే ఏడు మళ్లీ పెడతారట ఎంపిక." ఆగి అన్నాడు, "ఆకలేస్తోంది."

వాళ్ల వంటింట్లోనే కాల్చిన చేప, రెండు గుడ్లు, చేమదుంప పెట్టాను. వాడు తినసాగాడు. నోట్లో పెట్టుకునే ముందు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి నా మొహం వంక చూస్తున్నాడు, తినొచ్చా అన్నట్టు. వాడు తిన్నంతసేపూ నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను.