కొండ కింద మోగిన గంట

నేను ఒక ఆవు మెడ గంటను. స్విట్జర్లాండ్‌లో ఒక ఇరుకు లోయలో, కమ్మరి ఒకడు ఇనుప రేకును కొలిమిలో కాల్చి, వంచి నన్ను చేశాడు. ప్రావెల్ అనే ఊరి రైతు నన్ను కొని మందలో ముందు నడిచే ఆవుకు కట్టాడు. ఆయన పోయాక ఆవులన్నీ కొడుకు ఫ్లూరిన్‌కు వెళ్లాయి, కూతురు ఉర్సీనాకు నేను మిగిలాను. మనుషుల పంపకాలు అలా ఉంటాయి!

ఉర్సీనా బడిపంతులమ్మ. ఆడవాళ్లకు ఓటు వచ్చిన కొత్తలో కాంటన్ సభకు, అంటే అక్కడి రాష్ట్ర శాసనసభకు, నిలబడింది. పెద్దమనుషులు నవ్వారు. ఆమె నన్ను వాయిస్తూ ఊరూరా తిరిగి గెలిచింది. కొన్నేళ్లకు మంత్రి కూడా అయింది.

అప్పుడే ప్రావెల్ మీది కొండ బీటలిచ్చింది. కొండ కదులుతోందని నిపుణులు చెప్పారు, ఎప్పుడు పడుతుందో మాత్రం చెప్పలేకపోయారు. ఊరు ఖాళీ చేయాలన్న ఉత్తర్వు మీద సంతకం పెట్టి, ఆమె ముద్ర గట్టిగా గుద్దింది. బల్ల మీదున్న నేను సన్నగా గలగలలాడాను.

అందరూ సణుగుతూ దిగువన వేసిన శిబిరానికి కదిలారు. ఫ్లూరిన్ కదల్లేదు. ఆమె నన్ను సంచిలో వేసుకుని అతని ఇంటికి తానే వెళ్లింది. పొగమంచులో పైనుంచి రాళ్లు దొర్లుతున్న చప్పుడు.

"అన్నా, నీకు దణ్ణం పెడతా, బయటికి రా."

"తాతల నాటి నుంచీ ఉందా కొండ. ఎప్పుడైనా పడిందా? పడుతుందని రాసిస్తావా?"

ఆమె రాసివ్వలేదు. కొట్టం తలుపు తీసి, నన్ను మోగిస్తూ దారి పట్టింది. నా గొంతు ఎరిగిన ముసలి ఆవు ముందు కదిలింది, దాని వెనక మంద, మంద వెనక తిట్టుకుంటూ ఫ్లూరిన్.

వారాలు గడిచినా కొండ పడలేదు. "మా ఇళ్లకు మమ్మల్ని పోనివ్వు!" అని జనం ఆమె ఆఫీసు ముందు అరిచారు. పడితే ఊరు పోతుంది, పడకపోతే తన మాట పోతుంది. పడకూడదని దేవుడికి మొక్కుతూనే, 'ఇంకా పడదేం?' అని లోపల ఒక గొంతు అడిగేది. కొండకన్నా ఆ గొంతుకే ఆమె ఎక్కువ జడిసింది. అయినా ఉత్తర్వు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఒక మధ్యాహ్నం, శిబిరంలో జనం భోజనాలు చేస్తుండగా నేల అదిరింది. దుమ్ము అణిగేసరికి ప్రావెల్ లేదు. ఒక్క ప్రాణం పోలేదు.

మరుసటి ఎన్నికల్లో ఆమె ఓడిపోయింది. పడిన కొండను తిట్టలేక, పడుతుందని చెప్పిన మనిషిని తిట్టుకున్నారు. ఫ్లూరిన్ ఆమెతో మాట్లాడటం మానేశాడు.

ఇప్పుడు నేను లోయలోని చిన్న మ్యూజియంలో, అద్దాల బీరువాలో ఉన్నాను. తల నెరిసిన ఉర్సీనా అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటుంది. మొన్న ఫ్లూరిన్ వచ్చాడు. నేరుగా కిటికీ దగ్గరికి నడిచాడు. కిటికీలోంచి తన కొత్త కొట్టం వెనకున్న గుట్టను చూపించాడు.

"దాని సంగతేంటి, ఉర్సీనా?"

వెక్కిరింత అనుకున్నాను. కానీ అతని పెదాలు భయంతో ఎండిపోయి ఉన్నాయి. ఆమె లేచి అతని పక్కన నిలబడి గుట్టను పరికించి చూసింది.

"ఆవుల్ని ఏటికి ఇవతల కట్టుకో, అన్నా."

ఎందుకని అతను అడగలేదు. టోపీ పెట్టుకుని గబగబా వెళ్లిపోయాడు.