అద్దెకు తెచ్చిన కుచ్చుల లంగా

ఆ బళ్లో పండగల్లో దేశం జెండా పట్టేది ఏడో తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న పిల్ల. ఈ ఏడు ఆ పిల్ల యోసెలిన్. బొలీవియా నుంచి వచ్చి అర్జెంటీనా రాజధాని బువెనోస్ ఐరెస్‌లో కుట్టుపని చేసుకునే వాళ్లమ్మ హిలారియా, కూతురి బడి యూనిఫాం తెల్లకోటుకి గంజిపెట్టి, బస్సులో ఎవరికీ తగలనివ్వకుండా పట్టుకొచ్చింది.

గేటు దగ్గరే హెడ్‌మిస్ట్రెస్ గ్రసియేలా ఎదురొచ్చింది, చేతిలో బొలీవియా ఆడవాళ్లు కట్టే కుచ్చుల లంగాతో.

"చూడమ్మా హిలారియా, ఇవాళ అధికారులొస్తున్నారు. కొత్త సిలబస్‌లో అందర్నీ కలుపుకుపోవడం, ప్రపంచ పౌరసత్వం అని పెట్టారుగా, అది చూస్తారు. జెండా మార్తీనా పడుతుందిలే. మీ పిల్ల మీ దేశం డాన్సు చేస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో! లంగా అద్దెకు తెప్పించా."

"మా పిల్ల పుట్టింది ఈ పక్క వీధి ఆస్పత్రిలోనే కదండీ."

"అయ్యో, నేనేమన్నా తక్కువ చేశానా? మీ సంస్కృతిని గౌరవిస్తున్నాం!"

గౌరవమట! ఈ ఊరొచ్చిన కొత్తలో హిలారియా ఇలాంటి లంగాతోనే బస్సెక్కితే, పక్క సీటావిడ ముక్కు మూసుకుని లేచి వేరే సీటుకి వెళ్లింది. ఆ వారమే హిలారియా లంగాలన్నీ మూటగట్టి ప్యాంటులోకి మారింది. కూతురికి ఒక్కటంటే ఒక్కటి కుట్టలేదు. ఇప్పుడు వీళ్లు డబ్బు పోసి మరీ తెచ్చారు.

"నేను వేసుకోనమ్మా," అంది పక్కనే ఉన్న యోసెలిన్.

"వేసుకోకు."

యోసెలిన్ తెల్లకోటు గుండీలు పెట్టుకుని తన తరగతి వరసలో నిలబడింది.

గ్రసియేలా ఊరుకుంటుందా? వరసలన్నీ కళ్లతో గాలించి, ఒకటో తరగతిలోంచి చామనఛాయ పిల్లనొకదాన్ని చెయ్యి పట్టి లాగింది. ఆ పిల్ల తాతముత్తాతలంతా ఈ దేశం వాళ్లే. అయితేనేం, రంగు సరిపోయింది. లంగా ఆ బుల్లి నడుము చుట్టూ రెండు చుట్లు తిరిగింది. పిల్ల ఏడుపు లంకించుకుంది.

యోసెలిన్ వరసలోంచి బయటికొచ్చింది.

"దాన్నొదిలెయ్యండి మేడం. నాకివ్వండి."

తెల్లకోటు మీదే లంగా కట్టుకుని వేదికెక్కింది. పక్కన మార్తీనా జెండా పట్టుకుని నిలబడింది. పాట మొదలైంది. యోసెలిన్ కదల్లేదు. ఆ డాన్సు ఆమెకు రాదు, ఎవరూ నేర్పలేదు.

"సిగ్గండీ, వాళ్లంతే," అని గ్రసియేలా అధికారులతో నవ్వింది. వాళ్లూ నవ్వి, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

హిలారియాకు ఆ రోజు బస్సులో ముక్కు మూసుకున్నావిడే నయమనిపించింది.