రొయ్యల బండి బడికి పోయింది

మా కంపెనీ వ్యానులో నేను కూర్చునే ముందు సీటు పక్క అద్దం దిగదు. ఎన్నిసార్లు చెప్పినా బాగుచేయించరు. వెనక, రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు కూర్చునే వైపు అసలు అద్దాలే లేవు కాబట్టి వాళ్లకు గాలి బాగానే ఆడుతుంది. ఈ అసమానత గురించి మాట్లాడేవాడే లేడు.

నేను కృష్ణపట్నం దారిలోని రొయ్యల షెడ్డులో గుమాస్తాను. మేం ఆడవాళ్లను ఎక్కించుకునే జాలర్ల పాళేనికి బస్సు రాదు. హైస్కూలు ఉప్పుమళ్ల అవతల. దారి పొడవునా తాగుబోతుల గోల. అందుకని ఆడపిల్ల చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. ఆగిన పిల్ల కోసం కూలీల కాంట్రాక్టరు గంగాధరం పంపే ఈ వ్యాను మాత్రం గుమ్మం ముందుకే వస్తుంది.

మా షెడ్డులో రొయ్యలు ఒలిచే పేరమ్మ కూతురు రోజారమణి అలాగే వచ్చి చేరింది. "సారూ, ఐసులో వేళ్లు మొద్దుబారినాయి. పెన్ను పట్టుకుంటే తెలవడంల్యా" అని చూపించింది. కొబ్బరినూనె రాసుకోమన్నాను. మా అమ్మాయికి వేలు తెగితే నెల్లూరులో స్పెషలిస్టుకు చూపించాం.

మర్నాడు వ్యాను ఆగితే ఒక్క ఆడమనిషీ ఎక్కలేదు. యూనిఫారం వేసుకున్న పిల్లలు ఎక్కారు, రోజారమణితో సహా.

"దురాయి యేసినాం" అంది పేరమ్మ.

దురాయి అంటే పాళెం కట్టుబాటు. చేపల వేటకు పోవద్దని కాపులు, అంటే పాళెం పెద్దలు, దురాయి వేస్తే ఒక్క పడవ కదలదు. ఇన్నాళ్లూ అది మగవాళ్ల పని.

"ముందు పిల్లోళ్లను బళ్లో దించు. తర్వాత మమ్మల్ని షెడ్డుకు తోలు" అంది డ్రైవరు కిషోర్‌తో.

గంగాధరం మోటారుసైకిలు మీద ఊడిపడ్డాడు. "ఏందే పేరమ్మా, బండి నీ అబ్బ సొత్తా?"

"నీదే అబ్బయా. షెడ్లో దిగిన సరుకూ నీదే. ఐసు కరిగి రొయ్యల తలకాయలు నల్లబడితే అదీ నీదే."

పేరమ్మ పక్కన నిలబడ్డ పెంచలమ్మకు భయం వేసింది. "పని మానిపిస్తే పొయ్యి ఎట్ట రాజుకుంటది అక్కా?"

"అందర్నీ మానిపిస్తే ఒలిచేదెవురు, ఆయన పెళ్లామా?" అంది పేరమ్మ.

"చదివి కలెక్టర్లవుతారంటనా?" అన్నాడు గంగాధరం.

"కాకపోతే కాంట్రాక్టర్లవుతారులే. దానికి చదువు అక్కర్లేదు గదా" అంది వెనకనించి ఒక ముసలామె.

గంగాధరం నన్ను నచ్చచెప్పమన్నాడు. ఇద్దరి వైపూ న్యాయం ఉందన్నాను. మా కాలనీ అసోసియేషన్లో ఈ మాటకు చప్పట్లు పడతాయి.

"సారూ, మీరు దిగండి. ఆ సీట్లో ఇద్దరు పిల్లోళ్లు పడతారు" అంది పేరమ్మ.

దిగాను. వ్యాను బడి దారి పట్టింది.

సాయంత్రం పోలీసులు పేరమ్మను తీసుకుపోయారు. కత్తి చూపించి బండి లాక్కుందని గంగాధరం కేసు పెట్టాడు. ఈ పొద్దు షెడ్డు ఖాళీ. పక్క రెండు పాళేల ఆడవాళ్లు కూడా దురాయి వేసుకున్నారు. ఆడవాళ్లలో సగంమంది, పిల్లలకు అటూ ఇటూ కాపలాగా ఉప్పుమళ్ల గట్టు మీద బడిదాకా నడిచారు. తాగుబోతులు ముందే లేచి జారుకున్నారట. మిగతా సగం స్టేషన్ ముందు కూర్చున్నారు. బడి వదలగానే పిల్లలూ వచ్చి కలిశారు.

కత్తి నేను చూశానని ఇప్పుడు స్టేషన్ లోపలికి పోయి సాక్ష్యం చెప్పాలట. గంగాధరం మేనేజరు పోస్టు ఇప్పిస్తానన్నాడు. ఆడవాళ్లేమో, "సారు కళ్లారా చూసినాడు, ఉన్నది చెప్తాడు" అని నాకు దారి ఇస్తున్నారు. ఒక్కరూ బెదిరించడం లేదు. బెదిరిస్తే ఎంత సుఖంగా ఉండేది.

రోజారమణి సంచి భుజాన వేసుకుని నా వంకే చూస్తోంది.

అయ్యా, అమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఉద్యోగం పోకుండా నిజం చెప్పే ఉపాయం ఎవరికన్నా తెలిస్తే తొందరగా చెప్పండి. ఎస్సై పిలుస్తున్నాడు.